బెజవాడ ఓటు కథ – 12
ఊరంతా ఒకే నియోజకవర్గం

కిందటి భాగంలో 1981 దగ్గర ఆగాం. ఆ ఏడాది విజయవాడ మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు తొలి మేయరుగా కుర్చీలో కూర్చున్నారు. ఆయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కార్పొరేటర్లే, ఓటర్లు నేరుగా కాదు. డివిజన్లలో ప్రజలు ఓటేస్తే, గెలిచినవాళ్లంతా ఒక హాల్లో చేరి మేయరును ఎన్నుకున్నారు. 1888 ఏప్రిల్ 1న పుట్టిన బెజవాడ మునిసిపాలిటీలో ఛైర్మన్ ఎన్నిక అలవాటుపడిన దారి కూడా అదే. అయ్యదేవర కాళేశ్వరరావుగారి వంటి పెద్దమనిషి, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు అయిన వ్యక్తి, ఈ ఊరి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారంటే అది కౌన్సిలర్ల చేతుల మీదుగానే.

ఈ భాగంలో చెప్పేది ఒక నియోజకవర్గం కథ. శాసనసభ నియోజకవర్గాల పాత పటాల్లో వెతికితే అది దొరకదు. దాని హద్దులే కార్పొరేషన్ హద్దులు, దాని ఓటర్లే ఊళ్లో ఉన్న ఓటర్లందరూ. వన్ టౌన్ కొండమీద మెట్ల చివరి ఇంట్లో ఉన్న మనిషీ, లబ్బీపేట మేడలో ఉన్న మనిషీ, సింగ్‌నగర్ రేకుల ఇంట్లో ఉన్న మనిషీ ఒకే అభ్యర్థుల పేర్లు చదివి ఒకే కాగితం మీద ముద్ర వేశారు. మూడంటే మూడుసార్లే అలా జరిగింది: 1987లో, 1995లో, 2000లో. తర్వాత దాన్ని ఎత్తేశారు. విజయవాడ మేయరు ప్రత్యక్ష ఎన్నిక కథ ఇది.

ఆ స్థానం ఎందుకు ప్రత్యేకమో ముందు చెప్పుకోవాలి. విజయవాడ ఎంపీని ఎన్నుకునేది విజయవాడ ఒక్కటే కాదు. తిరువూరు, నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం పల్లెలు కూడా కలిసి ఎన్నుకుంటాయి. ఇక ఎమ్మెల్యేలంటే ఊరు ముక్కలవుతుంది. ఆ రోజుల్లో రైలుకట్టకు అటొక నియోజకవర్గం, ఇటొక నియోజకవర్గం అన్నట్టు తూర్పు, పశ్చిమ ఉండేవి. నగరంలో కలిసిన శివార్లలో కొంత భాగం కంకిపాడు నియోజకవర్గంలోకి పోయేది. 2008 నాటి పునర్విభజనలో కంకిపాడు పోయి, విజయవాడ సెంట్రల్ వచ్చింది, జిల్లాలో సీట్లు 17 నుంచి 16కు తగ్గాయి. అప్పుడు కూడా ఊరు మూడు ముక్కలే అయింది. ఊరు మొత్తం, ఊరు మాత్రమే, ఒక్క మనిషిని ఎన్నుకున్న ఓటు మేయరు ఓటొక్కటే.

దాన్ని తెచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1983లో అధికారంలోకి వచ్చిన తెలుగుదేశం పల్లెల్లో కరణం, మునసబు పదవులు రద్దు చేసింది, సమితుల స్థానంలో మండలాలు పెట్టింది. 1987 నాటికి మండల అధ్యక్షుణ్ణి, జిల్లా పరిషత్ ఛైర్మన్‌ను, మునిసిపల్ ఛైర్మన్‌ను, మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకునేలా చట్టాలు మార్చింది. అప్పటిదాకా జిల్లా పరిషత్ అంటే సమితి అధ్యక్షుల బలం, ఆ బలం వెనక కొన్ని పెద్ద కుటుంబాల పట్టు. సమితి అధ్యక్షుణ్ణి తిప్పుకుంటే చాలు, ఓటరుతో పనిలేదు. ఆ పట్టును తప్పించాలంటే ఓటరు దగ్గరికే వెళ్లాలని ఎన్టీఆర్ లెక్కవేశారు. తన పేరుమీద తన గుర్తుకు ఓట్లు పడతాయన్న నమ్మకం కూడా ఆ లెక్కలో ఉంది. ఆ లెక్క చాలాచోట్ల నిజమైంది. విశాఖపట్నంలో 1987లో తెలుగుదేశం అభ్యర్థి డి.వి. సుబ్బారావు మేయరు అయ్యారు.

విజయవాడలో కాలేదు. ఇక్కడ కాంగ్రెస్ నాయకుడు జంధ్యాల శంకర్ గెలిచారు.

ఆ ఫలితం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. రెండేళ్ల ముందు, 1985 మధ్యంతరంలో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీస్తే ఈ ఊరి రెండు సీట్లూ ఆ పార్టీ అభ్యర్థులకు దక్కలేదు. తూర్పులో కాంగ్రెస్ తరఫున వంగవీటి మోహనరంగా గెలిచారు. పశ్చిమలో సీపీఐ నాయకుడు ఉప్పలపాటి రామచంద్రరాజు గెలిచారు. అంటే 1987 నాటి విజయవాడ రాష్ట్రం మాట వింటున్న ఊరు కాదు. దీనికి తన కార్మిక పేటలు, తన కొట్లాటలు, తన కులాల లెక్కలు, తన నాయకులు ఉన్నారు. పక్కన గన్నవరం పొలాల్లోనో, గుడివాడ చేలల్లోనో సైకిల్ గుర్తుకు పడ్డ ఓట్లను చూసి ఇక్కడి ఓట్లను అంచనా వేయలేం. డెల్టాకు నడుమ ఉన్న ఊరే అయినా ఓటులో డెల్టాను అనుసరించలేదు.

ఆ ఎన్నికలో ఓటరు చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు వచ్చాయి. ఒకటి తన డివిజన్ కార్పొరేటర్‌కు, ఒకటి మేయరుకు. ఆ రెండో కాగితం చేసిన పనిని తక్కువగా చూడకూడదు. కార్పొరేటర్ అభ్యర్థి తన వీధుల్లో తిరిగితే సరిపోతుంది. మేయరు అభ్యర్థి భవానీపురం నుంచి పటమట దాకా, కృష్ణలంక కరకట్ట నుంచి పాయకాపురం దాకా తిరగాలి. ఒక కులం పేటలోనో, ఒక యూనియన్ కార్మికుల మధ్యనో పట్టు ఉంటే చాలదు. అవతలి పేటవాళ్లకు కూడా కనీసం ఆమోదయోగ్యుడైన మనిషిని పార్టీలు వెతకాల్సి వచ్చింది. జంధ్యాల శంకర్‌ను కాంగ్రెస్ నిలబెట్టడాన్నీ, ఊరు గెలిపించడాన్నీ నేను ఈ కోణంలోంచే చూస్తాను.

ఆయన పదవీకాలంలోనే ఈ ఊరు తన అతిపెద్ద గాయాన్ని చూసింది. 1988 డిసెంబర్ 26 తెల్లవారుజామున, నిరాహార దీక్షలో ఉన్న మోహనరంగాను చంపేశారు. ఆ తర్వాతి రోజుల్లో విజయవాడ తగలబడింది. దుకాణాలు, సినిమా హాళ్లు, ఇళ్లు బూడిదయ్యాయి, కర్ఫ్యూ పెట్టారు, కోస్తా జిల్లాల్లోకి ఆ మంట పాకింది. అప్పుడు ఊరికి ప్రజలు ఎన్నుకున్న మేయరు ఉన్నారు. ఊరంతటి పేరుతో శాంతి కోరే హక్కు ఉన్న వ్యక్తి ఆయనొక్కరే. పోలీసుల మీద ఆయనకు అధికారం లేదు. కర్ఫ్యూ పెట్టడం, ఎత్తేయడం ఆయన చేతిలో లేదు. కాలిన ఇంటికి నష్టపరిహారం నిర్ణయించే అధికారం కూడా లేదు. ప్రజలు ఇచ్చిన బరువుకు, చట్టం ఇచ్చిన బలానికి మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకోవాలంటే ఆ డిసెంబరును చూస్తే చాలు.

నిజానికి రోజువారీ పాలనలో కూడా అదే దూరం. కార్పొరేషన్ కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆయనను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. మేయరు కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, స్థాయీ సంఘం పనుల మంజూరు చూస్తుంది, కౌన్సిల్ తీర్మానాలు చేస్తుంది. తీర్మానాన్ని అమలు చేయాల్సిన చేయి మాత్రం హైదరాబాద్ వైపు చూసేది. ఏ పార్టీ మేయరు వచ్చినా, ఏ పద్ధతిలో వచ్చినా ఈ కట్టు మారలేదు. ప్రత్యక్ష ఎన్నికను మెచ్చుకునేవాళ్లు ఈ విషయాన్ని మరిచిపోతుంటారు. ఊరంతా ఓటేసి పంపిన మనిషిని అర్జీలు తీసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆ పద్ధతిలో ఉన్న అసలు లోపం.

1987 పాలకవర్గం గడువు ముగిశాక 1995 దాకా ఎన్నికలు జరపలేదు. మధ్యలో ప్రత్యేకాధికారి పాలన. ఆ రెండు ఎన్నికల మధ్య కాలంలోనే దేశంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఓటుహక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి, పట్టణ సంస్థలకు అయిదేళ్ల గడువు, రాష్ట్ర ఎన్నికల సంఘం, మహిళలకు మూడో వంతు సీట్లు ఖాయం చేసింది. అయితే ఆ సవరణ ఒక తలుపు తెరిచే వదిలేసింది. మేయరును, ఛైర్మన్‌ను ఎలా ఎన్నుకోవాలన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికి విడిచిపెట్టింది. మన కథలో తర్వాత జరిగిందంతా ఆ ఒక్క వెసులుబాటు ఫలితం.

1995 ఎన్నికలో విజయవాడ వెనక్కి చూసింది. పద్నాలుగేళ్ల కిందట కార్పొరేటర్లు ఎన్నుకున్న టి. వెంకటేశ్వరరావునే ఈసారి ఊరు నేరుగా ఎన్నుకుంది. రెండు పద్ధతుల్లోనూ ఈ ఊరికి మేయరైన మనిషి ఆయన ఒక్కరే. తొలిసారి ఓటేసిన పద్దెనిమిదేళ్ల పిల్లలు ఆయన మేయరుగా ఉన్న రోజుల్లో పలకలు పట్టుకున్నవాళ్లు. ఆ ముందరి ఏడాది, 1994 శాసనసభ ఎన్నికల్లో తూర్పులో కాంగ్రెస్ తరఫున వంగవీటి రత్నకుమారి, పశ్చిమలో సీపీఐ తరఫున కాకర్లపూడి సుబ్బరాజు గెలిచారు. ఊరి ఓటు ముక్కలుగా చూస్తే సగం కాంగ్రెస్, సగం కమ్యూనిస్టు. ఒకటిగా చూస్తే కమ్యూనిస్టు వైపు మొగ్గింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. విజయవాడ కమ్యూనిస్టు ఓటు గురించి ఇప్పటి యువతకు చెబితే నమ్మడం కష్టం. 1952లో ఈ ఊరి నుంచి మద్రాసు శాసనసభకు వెళ్లింది సీపీఐ నాయకుడు తమ్మిన పోతరాజు. అదే ఏడాది పార్లమెంటుకు వెళ్లింది కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రుడిగా నిలబడిన కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. ‘విశాలాంధ్ర’ పత్రిక పుట్టింది 1952లో, ఇక్కడే. 1955 మధ్యంతరంలో ఆంధ్రలో కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినా 196 సీట్లలో 15 మాత్రమే దక్కాయి, పార్టీ రాష్ట్రమంతటా కుంగిపోయింది. అయినా ఈ ఊళ్లో హమాలీల మధ్య, రైల్వే కార్మికుల మధ్య, రిక్షా తొక్కేవాళ్ల మధ్య, కొండమీద గుడిసెలు వేసుకున్నవాళ్ల మధ్య ఆ పార్టీ బతికింది. ఇంటిపట్టా, వీధికుళాయి, మెట్లదారి, దీపస్తంభం అన్న నాలుగు కోరికల చుట్టూ కట్టిన రాజకీయం అది. ఆ కోరికలు తీర్చాల్సింది శాసనసభ కాదు, కార్పొరేషన్. అందుకే శాసనసభలో వాడిపోయినా కార్పొరేషన్‌లో ఆ ఓటు పచ్చగానే ఉంది. వెంకటేశ్వరరావు 1995 గెలుపును ఆయన వ్యక్తిగత ప్రతిష్ఠగా మాత్రమే చూసేవాళ్లతో నేను ఏకీభవించను. అది ఆ నాలుగు కోరికల గెలుపు.

2000లో జరిగింది మూడో ఎన్నిక, చివరిది. ఆరు నెలల ముందే, 1999లో, తెలుగుదేశం–బీజేపీ పొత్తు రాష్ట్రాన్ని ఊపేసింది. విజయవాడ తూర్పులో నటుడు కోట శ్రీనివాసరావు బీజేపీ తరఫున ఎమ్మెల్యే అయ్యారు. తెలుగుదేశం అభ్యర్థి గద్దె రామ్మోహన్ ఎంపీ అయ్యారు. పశ్చిమలో మాత్రం కాంగ్రెస్ తరఫున జలీల్‌ఖాన్ గెలిచారు. మేయరు ఎన్నికలో తెలుగుదేశం ఒక యువతిని నిలబెట్టింది. పంచుమర్తి అనురాధకు అప్పటికి 26 ఏళ్లు. చేనేత వెనకబడిన కులం నుంచి వచ్చిన ఆమె గెలిచి, దేశంలో అతి చిన్న వయసు మేయరుగా లిమ్కా బుక్‌లో చేరారు. 1987లో ప్రత్యక్ష ఎన్నిక తెచ్చిన పార్టీ ఆ కుర్చీని అందుకోవడానికి పదమూడేళ్లు పట్టింది.

మూడు ఎన్నికలు, మూడు పార్టీలు. కాంగ్రెస్, సీపీఐ, తెలుగుదేశం. ఇంతకంటే స్పష్టంగా ఒక నియోజకవర్గం తన స్వతంత్రాన్ని చాటుకోలేదు. ఎవరి జాగీరూ కాలేదు, ఏ కుటుంబానికీ వారసత్వం కాలేదు. డెల్టాలో ఇలాంటి సీటు మరొకటి చూపించమంటే కష్టం. గెలిచిన ముగ్గురిలో ఒకరు పాత కమ్యూనిస్టు, ఒకరు కాంగ్రెస్ నాయకుడు, ఒకరు ముప్పై ఏళ్లు నిండని బీసీ మహిళ. ఎమ్మెల్యే, ఎంపీ టిక్కెట్ల దగ్గర డబ్బు, కులం వేసే కంచె మేయరు టిక్కెట్ దగ్గర కొంచెం పల్చగా ఉండేదని ఈ పేర్లు చెబుతున్నాయి.

2000లోనే లండన్ నగరం తన చరిత్రలో తొలిసారి మేయరును నేరుగా ఎన్నుకుంది. కెన్ లివింగ్‌స్టన్ స్వతంత్రుడిగా నిలబడి పార్టీలను ఓడించారు. లండన్ అందుకున్న హక్కు అప్పటికే విజయవాడ వాడుకుంటోంది. లండన్ దాన్ని ఇప్పటికీ వదల్లేదు. విజయవాడ దగ్గర అయిదేళ్లకు లాక్కున్నారు.

2004లో అధికారం మారింది. మరుసటి ఏడాది వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చట్టం మార్చి మేయరు, ఛైర్మన్ ఎన్నికను తిరిగి కార్పొరేటర్లకు, కౌన్సిలర్లకు అప్పగించింది. పరోక్ష పద్ధతికి చెప్పే వాదన తెలిసిందే. మేయరు ఒక పార్టీ, కౌన్సిల్ మెజారిటీ మరో పార్టీ అయితే తీర్మానాలు ఆగిపోతాయి, పని జరగదు. వాదనలో నిజం లేకపోలేదు. రెండు బ్యాలెట్లు ఇస్తే రెండు పార్టీలు గెలవవచ్చు, గొడవలు రావచ్చు. కానీ దానికి మందు మేయరు అధికారాలను, కౌన్సిల్ అధికారాలను చట్టంలో విడదీసి రాయడం. అది కష్టమైన పని. ఓటరు చేతిలోంచి ఒక కాగితం తీసేయడం తేలికైన పని. తేలికైనదే చేశారు. తమిళనాడులోనూ ఇదే జరిగింది. 1996లో చెన్నై ఓటర్లు ఎం.కె. స్టాలిన్‌ను నేరుగా మేయరుగా ఎన్నుకున్నారు. తర్వాత అక్కడ పద్ధతి ప్రభుత్వాలతోపాటు అటూ ఇటూ మారింది. ఎవరు గద్దెమీద ఉన్నా ఊరి ఓటును తమకు వీలైన ఆకారంలోకి మలుచుకున్నారు.

కొత్త పద్ధతిలో విజయవాడకు వచ్చిన స్థిరత్వం ఎంతో చూద్దాం. 2005 నుంచి 2010 వరకు అయిదేళ్లలో మేయరు కుర్చీలో తాడి శకుంతల, మల్లికా బేగం, ఎం.వి. రత్నబిందు, ముగ్గురు కూర్చున్నారు. ప్రత్యక్ష ఎన్నికల్లో మూడు పాలకవర్గాలకు ముగ్గురు మేయర్లు, పరోక్ష ఎన్నికలో ఒక్క పాలకవర్గానికే ముగ్గురు. ఆ ముగ్గురు మహిళల సామర్థ్యాన్ని నేను తప్పుపట్టడం లేదు. కేంద్రం నుంచి జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం డబ్బు వస్తున్న కాలం, పేదల ఇళ్లు కట్టాల్సిన కాలం, కాలువగట్ల మీద ఉన్నవాళ్లను ఎక్కడికి పంపాలో తేల్చాల్సిన కాలం అది. ఆ పనులకు అయిదేళ్లు కుదురుగా కూర్చునే మనిషి కావాలి. ఊరికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

2010లో గడువు ముగిసింది. బీసీ రిజర్వేషన్ల వివాదం కోర్టుల్లో నడుస్తుండగా మళ్లీ నాలుగేళ్లు ప్రత్యేకాధికారి పాలన సాగింది. అయిదేళ్ల గడువు దాటకుండా ఎన్నిక జరపాలని రాజ్యాంగం చెప్పిన మాట కాగితం మీద ఉండిపోయింది. 2014 మార్చి 30న పోలింగ్ జరిగింది, ఫలితాలు మే 12న వచ్చాయి. 59 డివిజన్లలో తెలుగుదేశానికి 38, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 19, సీపీఎంకు 1, బీజేపీకి 1. ఒకప్పుడు మేయర్లను ఇచ్చిన సీపీఐకి ఒక్కటీ లేదు. కోనేరు శ్రీధర్ మేయరు అయ్యారు. 2021 మార్చిలో 64 డివిజన్లకు ఎన్నిక జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49, తెలుగుదేశానికి 14, సీపీఎంకు 1 వచ్చాయి. రాయన భాగ్యలక్ష్మి మేయరు అయ్యారు. ఆ ఎన్నికలో తెలుగుదేశం ముందే కేశినేని శ్వేతను తన మేయరు అభ్యర్థిగా ప్రకటించింది. చట్టంలో లేని ఎన్నికకు అభ్యర్థిని ప్రకటించాల్సి రావడంలోనే ఊరి మనసు తెలుస్తోంది. మేయరు ఎవరో తెలుసుకుని ఓటేయాలని జనం ఇప్పటికీ కోరుకుంటున్నారు. పార్టీలకు ఆ సంగతి తెలుసు.

ఇంకొక విషయం. పరోక్ష ఎన్నికలో మేయరును ఎన్నుకునేటప్పుడు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు కూడా చెయ్యెత్తవచ్చు. ఊరి ఓటరుకు లేని ఓటు వాళ్లకు ఉంది. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో రాష్ట్రంలో అధికారం మారాక కార్పొరేటర్లు అవిశ్వాస తీర్మానంతో మేయరును దింపేశారు. చట్టం ప్రకారం అది సక్రమమే. విశాఖ ఓటరును మాత్రం ఎవరూ అడగలేదు.

పంచుమర్తి అనురాధ రాజకీయ జీవితంలోనే ఈ రెండు పద్ధతుల తేడా కనబడుతుంది. 2001 జనాభా లెక్కల్లో 8,51,282 మంది ఉన్న నగరం ఆమెను మేయరుగా ఎన్నుకుంది. 2023 మార్చిలో ఆమె ఎమ్మెల్యే కోటాలో శాసనమండలికి గెలిచారు. ఆ గెలుపుకు వచ్చిన ఓట్లు 23. ఆ 23 ఓట్లు రాష్ట్ర రాజకీయాన్ని కొన్నాళ్లు కుదిపేశాయి, అన్ని పత్రికల మొదటి పేజీల్లో నిలిచాయి. 2000లో ఊరంతా వేసిన ఓట్ల గురించి ఇప్పుడు రాసేవాళ్లు తక్కువ.

2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీళ్లలో మునిగాయి. జనం మేడలమీద పాలకోసం, తాగే నీళ్లకోసం చూశారు. అప్పుడు మాట్లాడింది ముఖ్యమంత్రి, మంత్రులు, కలెక్టరు, కమిషనర్. నగర మేయరు గొంతు వినిపించిన జ్ఞాపకం ఎంతమందికి ఉంది? అది ఒక మనిషి లోపం కాదు. ఆ పదవికి ఊరి నుంచి నేరుగా వచ్చే బలాన్ని 2005లో తీసేశాం, బదులుగా అధికారాలైనా ఇవ్వలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విజయవాడ మేయరు స్థానం తిరిగి ప్రత్యక్ష ఎన్నికకు రావాలి. ఒట్టి ఎన్నికగా రాకూడదు, కమిషనర్ మేయరుకు జవాబు చెప్పే చట్టంతో రావాలి. 1987 ఓటరుకు కాగితం ఇచ్చి అధికారం ఇవ్వలేదు, 2005 ఓటరుకు రెండూ ఇవ్వలేదు.

పాఠకులకు ఒక విన్నపం. 1987, 1995, 2000 మేయరు ఎన్నికల కరపత్రాలు, గోడపత్రికలు, ఓటరు చీటీలు, ఫొటోలు మీ అటకల మీద ఉంటే పారేయకండి. తేదీ, పేట పేరు వెనకవైపు రాసి రామమోహన గ్రంథాలయం వంటి చోట అప్పగించండి. ఆ ఎన్నికల్లో పనిచేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే కూర్చోబెట్టి చెప్పించుకుని రాసిపెట్టండి.

వచ్చే భాగం: జిల్లా అంతా ఒకే ఓటు – కృష్ణా జిల్లా పరిషత్ 1987.